తిజోరి తలుపు కింద ఇటుక

ఒక మనిషి దుబాయి ప్రయాణాన్ని, ఇద్దరు అన్నదమ్ములు ఏళ్ల తరబడి శ్రద్ధగా పెంచుకున్న పగను, ఒక బస్సెడు మంది పగటి భోజనాన్ని ఒకే రోజు, ఒకే చేత్తో గందరగోళం చేయడం ఎవరికైనా సాధ్యమా అని అడిగితే మీరు కాదనే అంటారు. ఆ చెయ్యి నాది. దానితోనే ఇది రాస్తున్నాను కాబట్టి, చదివినంతసేపు మీ విలువైన వస్తువులు మీ దగ్గరే పెట్టుకోండి.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే జరిగిన దాని సైజు మీకు అందదు. నేను జాగ్రత్తకు పేరుపడ్డ మనిషిని. జగిత్యాలలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. పదో తరగతితో బడి ఆగిపోయింది. చక్రవడ్డీ, సాహుకార్ల హుండీ చీటీలు, పాత నాణేల మారకం అన్నీ సొంతంగా కుస్తీ పట్టి నేర్చుకున్నవే. ఇంటికి తాళం వేసి లాగి చూస్తాను. వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాను. అప్పటికి మా ఆవిడ బస్టాండులో కూర్చుని పల్లీలు తింటూ ఉంటుంది. బండి నడిపేటప్పుడు ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొడతాను, ఎవరైనా రావాలనుకుంటుంటే మానుకుంటారని.

ఇలాంటి మనిషికి ఐదారేళ్ల కింద మైకు ఇచ్చారు. తప్పు అక్కడే మొదలైంది.

మా ఊళ్లో కొందరు మిత్రులు చిన్న మ్యూజియం ఒకటి నడుపుతారు. వాళ్లు ఒక ఆదివారం ‘పాత పైసల నడక’ అని కార్యక్రమం పెట్టారు. పొద్దున జగిత్యాల మ్యూజియంలో నిజాం కాలం నాణేలు చూడటం, అక్కడి నుంచి బస్సులో కోరుట్ల పోయి పాత బజారులో సాహుకార్ల ఇళ్ల మధ్య నడవటం, పగటికి సిరిసిల్ల చేరి భోంచేసి, మగ్గాల వాడలో నూలు అరువు ఎట్లా నడిచేదో, కూలి ఎట్లా ఇచ్చేవారో వినటం. ఈ మూడు ఊళ్లలో డబ్బు ఎట్లా తిరిగిందో మనం కూడా కాళ్లతో తిరిగి తెలుసుకోవాలన్నమాట. చెప్పేవాణ్ని నేను.

దుకాణంలో నేను మాట్లాడేది కాలిక్యులేటర్‌తోనే. అది కూడా తిరిగి అంకెలే చెబుతుంది తప్ప ‘అబ్బా, ఎంత బాగా చెప్పారు’ అనదు. అలాంటి నా ముందు ఒక బస్సెడు మంది నిలబడి తలలు ఊపుతుంటే, ఎండిపోయిన వరద కాలువకు ఒక్కసారిగా నీళ్లు వదిలినట్టయింది. గట్లు కనిపించలేదు.

మ్యూజియంలో హాలీ సిక్కా రూపాయి చేతికిచ్చి చెప్పాను. నిజాం రాజ్యంలో నడిచింది ఇది, బయట బ్రిటిష్ వాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు, మన హాలీలు ఏడు ఇస్తే గాని వాళ్ల కల్దార్లు ఆరు వచ్చేవి కావు, అని. గుంపులో వెనక నిలబడ్డ ఒకాయన మెల్లగా అడిగాడు. “అంటే సారూ, గప్పుడు గూడ మన పైసకు బయట ఇలువ తక్కువేనా?”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆయన పేరు గంగారాం. కోరుట్ల పక్క పల్లె. డిగ్రీ చదివే బిడ్డ శ్రావణి ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఏడాది పాటు ఎదురుచూసిన వీసా వచ్చిందట. ఆ పొద్దునే జగిత్యాల ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్ తీసుకున్నారు. సాయంత్రం ఐదింటికి కోరుట్లలో కారెక్కితే రాత్రికి శంషాబాద్. ఆ విమానం తప్పితే వీసా గడువు కూడా తెల్లారేసరికి తప్పుతుంది. బ్యాగు సర్దడం అయిపోయింది, ఇంట్లో కూర్చుంటే ఏడుపులే, నాతో ఒక్కపూట తిరుగు బాపూ అని బిడ్డ పట్టుబట్టిందట. నడక కోరుట్ల చేరి అక్కడి పని కాగానే తండ్రీబిడ్డలు దిగిపోతారు. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవరులో ఆయన మెడకు వేలాడుతోంది. మాట్లాడుతున్నంతసేపు ఒక చెయ్యి దాని మీదే ఉంది. నాకు నచ్చాడు. తాళం లాగి చూసే జాతి మాది.

కోరుట్లలో మేము చూడాల్సింది ఒక సేటు ఇల్లు. పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఇద్దరు కొడుకుల్లో పెద్ద సేటు జగిత్యాలలో, చిన్న సేటు సిరిసిల్లలో బట్టల దుకాణాలు పెట్టుకున్నారు. ఇల్లు ఖాళీ. ముందు గదిలో గడియారాలు బాగుచేసే ఖాజా భాయ్ కిరాయికి ఉంటూ మిగతా ఇంటిని చూసుకుంటున్నాడు. ఇంటి నడిమి గదిలో తిజోరి ఉంది. అదే మా నడకకు కిరీటం.

అది పెట్టె కాదు, గోడకు ఆనుకుని నిలబడ్డ ఇనుప ఏనుగు. నా భుజం ఎత్తు ఉంటుంది. తలుపు నా అరచెయ్యి వెడల్పంత మందం. తలుపు మీద ఇత్తడి సింహం ముఖం, దానికి అటొకటి ఇటొకటి రెండు తాళం కన్నాలు. తలుపు సగం తెరిచి ఉంది. కింద మాత్రం ఒక మామూలు మట్టి ఇటుక అడ్డం పెట్టి ఉంది.

ఖాజా భాయ్ లోపలి అరలు చూపించాడు. పైన రెండు సొరుగులు. కుడిది పెద్ద కొడుకుది, ఎడమది చిన్న కొడుకుది. ముసలి సేటు ప్రతి పండక్కి వాటిలో చిల్లర పెట్టి, మీ సొరుగులో ఏముందో చూసుకోండని పిల్లల్ని పిలిచేవాడట. రోజూ దుకాణం కట్టేశాక తిజోరి తలుపు మూస్తే ఆ చప్పుడుకు వీధి వీధంతా అన్నాలకు లేచేదట. ఇంత చెప్పి ఆయన, “అందరికి చాయ్ చెప్పొస్త. నేనొచ్చేదాక జెర ముట్టకుండ్రి సార్” అని బయటికి పోయాడు.

విన్నాను. కానీ అది సామాన్య జనానికి చెప్పిన మాట అనుకున్నాను. నా చేతిలో మైకు ఉంది కదా.

“మిత్రులారా, ఒక చిన్న ప్రయోగం,” అన్నాను. నా గొంతు నాకే బరువుగా, గొప్పగా వినిపించింది. “మీ దగ్గర ఇప్పుడున్న వాటిలో అన్నింటికంటే విలువైన వస్తువు ఈ తిజోరిలో పెట్టండి. తలుపు మూస్తాను. అప్పుడు ఈ ఊరి జనం సాహుకారును నమ్మి తమ సొమ్ము లోపల పెట్టినప్పుడు గుండె ఎట్లా కొట్టుకునేదో మీకు తెలుస్తుంది.”

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ చెయ్యి తన మెడలోని పుస్తెల తాడు మీదకు పోయి, అక్కడే గట్టిగా బిగుసుకుంది. ఒక కుర్రాడు ఫోను పెట్టబోయి, అది మోగితే వెనక్కి తీసుకుని మాట్లాడుతూ బయటికి పోయాడు. ప్రయోగం నీరుగారిపోయేటట్టుంది. అప్పుడు గంగారాం ముందుకొచ్చాడు. మెడలోంచి కవరు తీసి నా చేతిలో పెట్టాడు.

“నా తాన ఇంతకంటె ఇలువైంది ఇంకేం లేదు సారూ.”

శ్రావణి “బాపూ, వద్దే” అని చెయ్యి పట్టుకుంది. ఆయన, “సారు జాగ్రత మనిషి బిడ్డా, చూస్తలేవా” అన్నాడు.

ఈ మాట నాకు ఇప్పటికీ అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది.

పాస్‌పోర్టు నడిమి అరలో పెట్టాను. వెనక్కి జరిగి చూశాను. అంతా బాగుంది, ఆ ఇటుక తప్ప. ఇంత చరిత్ర ఉన్న వస్తువు కింద ఒక మురికి ఇటుక. పెళ్లికొడుకు చెప్పులకు పురికొస కట్టినట్టుంది. దాన్ని వంగి తీశాను.

ఆ గది నేల కొంచెం వాలు. నేను తలుపును ముట్టనే లేదు. అదే కదిలింది. ముందు నెమ్మదిగా, పెద్దమనిషి పెళ్లిలో వడ్డన దగ్గరికి నడిచినట్టు. తర్వాత వేగంగా, ఆకలైన పెద్దమనిషి నడిచినట్టు. ‘ఠంగ్’ మని మూసుకుంది. ఆ చప్పుడుకు నా పళ్లలోని సిమెంటు కూడా ఊగింది. లోపల ఎక్కడో మూడు గడియలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.

జనం చప్పట్లు కొట్టారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నేను వంగి దండం కూడా పెట్టాను.

“ఇప్పుడు తెరుద్దాం” అని పిడి పట్టుకుని లాగాను. మళ్లీ లాగాను. కాలు గోడకు తన్ని లాగాను. అప్పుడే ఖాజా భాయ్ చాయ్ గ్లాసుల పళ్లెంతో లోపలికొచ్చి, తలుపును చూశాడు, నన్ను చూశాడు, నా చేతిని చూశాడు.

“సార్, గా ఇటుక ఎవలు తీసిన్రు?”

ఇటుక నా చేతిలో ఉండగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. మైకులో చెప్పడం ఇంకా కష్టం. అది ఇంకా ఆన్‌లోనే ఉంది.

అప్పుడు ఖాజా భాయ్ చాయ్ పళ్లెం కింద పెట్టి, చాలా మర్యాదగా, కోర్టులో తీర్పు చదివినట్టు అసలు సంగతి చెప్పాడు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు ఇల్లు తెగింది, పొలాలు తెగాయి, గిన్నెలు కూడా తెగాయి. తిజోరి తెగలేదు. దానికి రెండు తాళాలు, రెండూ ఒకేసారి తిప్పితే గాని తెరుచుకోదు. అందుకని పెద్ద సేటు ఒక తాళం జగిత్యాల తీసుకుపోయాడు, చిన్న సేటు ఇంకో తాళం సిరిసిల్ల తీసుకుపోయాడు. ఒకరు లేకుండా ఒకరు తెరవలేరు. ఇద్దరికీ మాటలు లేవు. తలుపు మూసుకుంటే ఇక ఎప్పటికీ తెరుచుకోదని ఇంటిని చూసుకునే ఖాజా భాయ్ ఆ రోజు నుంచి ఇటుక అడ్డం పెట్టి ఉంచాడు.

“లోపల ఏం లేదు గద సార్. ఊకె మూసుకున్న గూడ ఏం ఫికర్ లేదు” అన్నాడు నన్ను ఓదారుస్తూ.

నేను గంగారాం వైపు చూశాను. ఆయన చెయ్యి మెడ దగ్గర ఉంది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు, అయినా చెయ్యి అక్కడే ఉంది.

వెల్డింగు దుకాణం నుంచి మనిషిని పిలిపించాం. ఆయన తలుపును వేలితో కొట్టి చూసి, గ్యాసుతో కోయగలను గాని ఆ వేడికి లోపలి కాగితం అప్పడమైపోతుందని చెప్పాడు. ఇక తాళాలే దిక్కు. ఒకటి జగిత్యాలలో, ఒకటి సిరిసిల్లలో. పెట్టె కోరుట్లలో. నా ‘పాత పైసల నడక’ కోసం నేను ఎంచి ఎంచి పెట్టిన మూడు ఊళ్లే అవి. కార్యక్రమం ఏమాత్రం మారలేదు, ఉద్దేశం ఒక్కటే మారింది.

పెద్ద సేటుకు ఫోను చేశాను. అంతా విన్నాడు. పాపం అన్నాడు. తర్వాత అడిగాడు, “గాడు గూడ వస్తున్నడా?” చిన్న సేటు రాకపోతే రెండో తాళం ఎట్లా వస్తుందని నేనంటే, “గాడొస్తె నేను రాను” అని ఖరాఖండిగా చెప్పాడు. పోనీ తాళం ఎవరితోనైనా పంపండి అన్నాను. నేను లేకుండా తెరిస్తే గాడు ఏం తీసుకుంటడో ఎవరికెరుక అన్నాడు. లోపల ఏమీ లేదు కదండీ అన్నాను.

“లేదు,” అన్నాడు. ఒక క్షణం ఆగి, “అయినా” అన్నాడు.

ఆ ‘అయినా’ను ఏ లెక్కలోనూ కూడలేం, తీసివేయలేం.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఎవరో ఒకరికి నష్టం. ఇద్దరికీ ఒకే అబద్ధం చెబితే సరిపోతుంది అనుకున్నాను. పెద్ద సేటుతో, చిన్న సేటు రావటం లేదు, తాళం మాత్రం నా చేతికిస్తాడని చెప్పాను. అయితే నాలుగింటికి వస్తానన్నాడు. ఇక చిన్న సేటు ఫోను ఎత్తడం లేదు. స్వయంగా పోవాల్సిందే. ఎలాగూ బస్సు సిరిసిల్ల పోయేదే.

గంగారాం రానన్నాడు. పాస్‌పోర్టును వదిలి ఆయన ఎక్కడికీ రాడు. తిజోరికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. పక్కన శ్రావణి. ఖాజా భాయ్ రేకుల డబ్బాలో ఉన్నవి, ఇంట్లో ఉన్నవి అన్ని తాళంచెవులూ తెచ్చి కన్నాల్లో తిప్పి చూస్తున్నాడు, బీరువాదీ, సైకిల్‌దీ కూడా.

ఆ రోజు కోరుట్ల నుంచి కథలాపూర్, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే దారి ఎవరో రబ్బరులా సాగదీశారని నా అనుమానం. బస్సు ప్రతి స్పీడు బ్రేకరుకూ నమస్కారం పెట్టి కదిలింది. వేములవాడలో జాతర కాకపోయినా జాతరంత జనం. నా వెనక సీట్లలో ఉన్నవాళ్లు ముందు నన్ను ఓదార్చారు, తర్వాత గుసగుసలాడారు, తర్వాత ఆకలితో ఊరుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు. “ఇటుక ఊకెనే ఎందుకుంటది సారూ? జెర ఆలోచన చెయ్యద్దా?” అని ప్రతి ఊరి పొలిమేరలో అడిగింది. ఎన్ని ఊళ్లున్నాయో ఆ దారిలో నాకు అప్పుడు తెలిసింది.

సిరిసిల్లలో జనాన్ని భోజనాల దగ్గర దింపి చిన్న సేటు దుకాణానికి పరుగెత్తాను. ఆయన చీర మడత విప్పి ఎవరికో చూపిస్తున్నాడు. నా కథ వింటూనే ఆ చీర మడత పెట్టాడు, ఇంకోటి విప్పాడు, అదీ మడత పెట్టాడు. చివరికి అడిగాడు, అన్న వస్తున్నాడా అని. రావటం లేదు, ఆయన తాళం ఖాజా భాయ్ దగ్గర ఉంది, అన్నాను. అబద్ధం చెప్పినప్పుడు నా ఎడమ కన్ను కొట్టుకుంటుంది. సేటు అది చూశాడో లేదో తెలియదు.

తాళం ఇస్తాడనుకుంటే, తానే తీసుకుని బయల్దేరాడు. నా అరచేతి నుంచి మోచేతి దాకా ఉంది ఆ తాళంచెవి. కుర్తా జేబులో పెడితే మొన బయటికి పొడుచుకొచ్చింది. మ్యూజియం నాణేలు చూడటానికి పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన మర్యాదస్తుల్ని పెరుగన్నం చేతులతోనే లేపి బస్సెక్కించాను. మగ్గాల వాడ చరిత్ర ఆ రోజు ఎవరూ వినలేదు. నా చరిత్ర అందరూ విన్నారు.

మేము తిరిగి కోరుట్ల చేరేసరికి నాలుగు దాటింది. నేను గడప దాటగానే గంగారాం లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “సారూ, పొద్దటి సంది ఏం తినలే కావొచ్చు మీరు” అని నీళ్ల సీసా అందించాడు. ఆ నీళ్లు గొంతు దిగలేదు. తిట్టి ఉంటే సులువుగా దిగేవి.

నడిమి గదిలో కుర్చీ మీద పెద్ద సేటు కూర్చుని ఉన్నాడు. నా వెనక చిన్న సేటు లోపలికొచ్చాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. ఏళ్ల తర్వాత అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని అదే.

“ఖాజా, నేను పోతున్న” అన్నాడు పెద్ద సేటు.

“ఖాజా భాయ్, ఆయనెందుకు పోవుడు, నేనే పోత” అన్నాడు చిన్న సేటు.

ఇద్దరూ ఒకేసారి గడప దగ్గరికి నడిచారు. అక్కడ శ్రావణి నిలబడి ఉంది. బయట కారు గంగారాం బ్యాగు ఎక్కించుకుని అప్పటికే వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు.

“పోండ్రి సేటూ. మీ ఇద్దరి నడుమ ఏమున్నదో నాకెర్కలే. గని తాళం తిప్పి పోండ్రి. మీ పెట్టెల మీ సొమ్మేం లేదు. మా బాపుదే ఉన్నది.”

ముందు గదిలో గడియారాలు కొట్టుకుంటున్నాయి. ఖాజా భాయ్ దుకాణంలో అవి చాలా ఉన్నాయి, ఒక్కటీ ఇంకోదానితో కలవదు.

పెద్ద సేటు ముందు తిరిగాడు. పంచె కుచ్చిళ్లు సర్దుకుంటూ తిజోరి కుడి వైపు నిలబడ్డాడు. చిన్న సేటు ఎడమ వైపు నిలబడ్డాడు. ఇద్దరూ తిండికి లోటు లేని మనుషులు. భుజానికి భుజం తగలకుండా తాళం పెట్టడానికి వాళ్లు పడ్డ కష్టం చూస్తే, ఒకే గొడుగు కింద తడవకుండా నిలబడాలని చూసే ఇద్దరు ఇరుగుపొరుగు గుర్తొచ్చారు.

“ఖాజా, తిప్పుమని చెప్పు” అన్నాడు పెద్ద సేటు.

“చిన్న సేటూ, తిప్పుమంటున్నరు” అన్నాడు ఖాజా భాయ్.

“తిప్పుతున్ననని చెప్పు.”

“పెద్ద సేటూ, తిప్పుతున్నరట.”

ఈ తపాలా సర్వీసు పుణ్యమా అని ఒకాయన తాళం తిరిగేసరికి ఇంకొకాయనది ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి. బయట హారన్. మళ్లీ మొదటి నుంచి. నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతానన్నాను. అందరూ ఒకేసారి “మీరు వద్దు” అన్నారు. గంగారాం ఒక్కడే అనలేదు. ఆయన ఆ సింహం ముఖాన్ని చూస్తూ ఉన్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

కారు డ్రైవరు లోపలికొచ్చి, ఇంకా ఇద్దరు ప్యాసింజర్లు కూర్చున్నారు, ఇంక ఆగలేనని చెప్పాడు. చిన్న సేటు చేతులకు చెమట పట్టి తాళం జారుతోంది. గట్టిగా తిప్పాడు, అది కదల్లేదు. విరిగిపోతుందేమోనని నేను కళ్లు మూసుకున్నాను. అప్పుడు పెద్ద సేటు గొంతు వినిపించింది, ఖాజా భాయ్ పేరు లేకుండా.

“అరే చంద్రం, గట్ల కాదురా. జెర పైకి లేపి తిప్పు. నాయిన లేపి తిప్పకపోతుండెనా, మర్షిపోయినవా?”

చిన్న సేటు చెయ్యి ఆగింది. అన్న ముఖం చూశాడు. “నువ్వు పక్కకు జరుగన్నా, మోచెయ్యి అడ్డమొస్తున్నది” అన్నాడు.

పెద్ద సేటు జరగలేదు. ఇంకొంచెం దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ తాళాలు పైకి లేపి తిప్పారు. లోపల మూడు గడియలు, పొద్దున పడిన వరుసలోనే, ఒకటొకటిగా లేచాయి.

తలుపు తెరుచుకుంది. నేను ఒక్క దూకు దూకి ఇటుక అడ్డం పెట్టాను. గంగారాం కవరు తీసుకుని మెడకు వేసుకుని, చెయ్యి దాని మీద పెట్టుకుని, అప్పుడు ఊపిరి పీల్చాడు. అన్నదమ్ములిద్దరికీ దండం పెట్టాడు. బిడ్డ తల నిమిరాడు. కారెక్కబోతూ నా దగ్గర ఆగాడు.

“మీరు శాన మంచిగ చెప్పిన్రు సారూ. సాహుకారుకు సొమ్మిచ్చినోని గుండె ఎట్ల కొట్టుకుంటదో నాకు మంచిగ తెలిసింది.”

ఆయన ఎగతాళి చేశాడో, నిజంగానే మెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కారు పోయింది. శ్రావణి అది మలుపు తిరిగేదాకా చూసి, కళ్లు తుడుచుకుని, నన్ను చూసి నవ్వింది. రాత్రికి విమానం ఎక్కానని ఆయన ఫోటో పంపాడు. కవరు మెడలోనే ఉంది.

ఇక్కడితో ఆపేస్తే నేను పరువుగల మనిషిగా మిగిలేవాణ్ని. కానీ ఆ గదిలో పని ఇంకా మిగిలి ఉంది.

అన్నదమ్ములు ఇంటికి పోలేదు. ఖాజా భాయ్ తెచ్చిన చాయ్ తాగారు. తిజోరి అరలు తడిమారు. నాయిన కొట్టిన దెబ్బలు ఒకరు, నాయిన పెట్టిన చిల్లర ఒకరు గుర్తుచేసుకున్నారు. ఒకాయన బయట చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు ఇంకొకాయన తిజోరి దగ్గర నిలబడి ఉన్నాడు, ఆయన వచ్చాక ఈయన పోయాడు. అది నేను చూశాను. అందులో ఏముంది, చేతులు ఎవరైనా కడుక్కుంటారు.

అప్పుడు పెద్ద సేటు నన్ను పిలిచాడు. గొంతు కొంచెం తడిగా ఉంది. “లెక్కల సారూ, పొద్దున మీరు మూసినప్పుడు మస్తు చప్పుడైందట గద. నాయిన పోయినంక ఆ చప్పుడు మేము మళ్ల వినలేదు. ఒక్కపారి మూయుండ్రి.”

“అవును సారూ, ఒక్కపారి” అన్నాడు చిన్న సేటు. “ఇగ ఇద్దరం ఇక్కన్నే ఉన్నం గద, మళ్ల తెరుస్తం.”

ఈసారి నేను తొందరపడలేదు. మనిషి తప్పు చేసిన చోటే జాగ్రత్త నేర్చుకుంటాడు. పై అర ఖాళీ, నడిమి అర ఖాళీ, కింది అర ఖాళీ. చెయ్యి పెట్టి తడిమి చూశాను. రెండోసారి తడిమాను. ఎవరి పాస్‌పోర్టూ లేదు, ఫోనూ లేదు, నా కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. సొరుగులు రెండూ మూసి ఉన్నాయి. పరాయి వాళ్ల సొరుగులు తెరవడం మర్యాద కాదని వదిలేశాను. అందరినీ వెనక్కి జరగమన్నాను. ఇటుక తీశాను.

తలుపు నెమ్మదిగా కదిలి, వేగం అందుకుని ‘ఠంగ్’ మంది. వీధిలో ఎవరో తలుపు తీసి చూశారు. అన్నదమ్ములిద్దరూ కళ్లు మూసుకుని, గడియలు పడటం మూడోదాకా విన్నారు. చిన్న సేటు ముక్కు చీదాడు. నేను కళ్లజోడు తుడుచుకున్నాను. నా జీవితంలో చేసిన మంచి పని ఇదేననుకున్నాను.

పెద్ద సేటు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. “చంద్రం, మళ్ల తెరిచినప్పుడు నీ సొరుగు చూసుకో. నాయిన పెట్టినట్టే నేను ఒకటి పెట్టిన.”

చిన్న సేటు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. “నువ్వు గూడ నీ సొరుగు చూడన్నా. నేను గూడ పెట్టిన.”

“ఏం పెట్టినవ్‌రా?”

“నా తాళం. ఇగ నాకెందుకు? నువ్వే పెట్టుకో అని. నువ్వేం పెట్టినవ్?”

పెద్ద సేటు తన ఖాళీ జేబు తడుముకున్నాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

ఖాజా భాయ్ నా దగ్గరికి వచ్చి, పసిపిల్లవాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు చాలా మెల్లగా అన్నాడు, “సార్, గా ఇటుక ఇటియ్యిండ్రి.”

తిజోరి ఇప్పటికీ మూసే ఉంది. కోయిద్దామని పెద్ద సేటు అంటే, నాయిన పెట్టెను కోయడమేందని చిన్న సేటు అడ్డం పడ్డాడు. అందుకని ఇద్దరూ కలిసి అప్పుడప్పుడు ఎక్కడెక్కడి నుంచో తాళాలు తీసేవాళ్లను తీసుకొస్తారు. వాళ్లు ఓడిపోయి పోతారు. అన్నదమ్ములు తిజోరి ముందు కూర్చుని భోంచేసి, తప్పు ఎవరిదని కాసేపు వాదించుకుంటారు. ఎవరిదని తేలడం లేదు గాని, ప్రతిసారీ చివరికి నాదని ఒప్పుకుని సంతోషంగా ఇళ్లకు పోతారు.

మ్యూజియం వాళ్లు నడక ఆపలేదు. చెప్పేది ఇప్పుడు శ్రావణి. తిజోరి దగ్గర ఎక్కువసేపు ఆగుతారని, జనం బాగా నవ్వుతారని విన్నాను. నన్ను కూడా పిలుస్తారు. మైకు మాత్రం ఇవ్వరు.

అందుకని పాఠక మహాశయులారా, హాలీ సిక్కా సాక్షిగా, కల్దార్ సాక్షిగా, ఆ ఇత్తడి సింహం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తలుపు కింద గాని, లారీ చక్రం కింద గాని, ఎవరింటి మంచం కోడు కింద గాని ఉన్న ఏ ఇటుకనూ అది అక్కడ ఎందుకుందో ముగ్గురిని అడగకుండా ముట్టను. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా మా ఆవిడే మూస్తుంది. నేను వెనక నిలబడి, రెండుసార్లు లాగి చూస్తాను.